చప్పుడు లేని ఆటలు

మా అన్న కొడుకు రాఘవేందర్ మంచివాడని అత్వెల్లిలో ఎవరినడిగినా చెబుతారు. బోనాలకు చందా రాస్తాడు, చావుకు అందరికంటే ముందే వస్తాడు, సర్పంచ్ ఎలక్షన్లో పోటీ పడ్డ ఇద్దరి పక్కనా నిలబడి ఫొటో దిగుతాడు. నన్నడిగితే మాత్రం ఆ మాట చెప్పను. నా భూమి రోడ్డు వెడల్పులో పోతుందని, సర్కారు ఇచ్చే పైసలు చాయ్ ఖర్చుకు కూడా రావని, అది జరిగేలోగా తన పేర రాసిస్తే ఎంతో కొంత చేతికొస్తుందని వాడు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. వాడు ఇంటర్ చదివాడు. పైగా మా అన్న రక్తం. నమ్మాను.

రోడ్డు అటు రానే లేదు. ఏడాది తిరిగేసరికి నా చేలో సున్నం గీతలు పడ్డాయి, హద్దురాళ్ళు లేచాయి, దారి మొదట్లో కమాను కట్టి దేవుడి పేరుతో ఏదో నగర్ అని రాయించారు. అక్కడితో ఆగినా బాగుండేది.

“సిన్నాయినా, ఖాళీగ కూసుంటే మనిషి ఖరాబయితడు. నీ భూమికి నువ్వే కావలి ఉండు, ఇంకోడెందుకు?” అని నవ్వి, నన్నే అక్కడ వాచ్‌మన్‌గా పెట్టాడు. ఊరు దాన్ని కూడా వాడి మంచితనం ఖాతాలోనే వేసింది.

నా భార్య సత్తమ్మ వేయలేదు. “సొంత జాగల జీతానికి నిలవడ్డోని మొఖం నేను రోజు సూడలేను” అని కాప్రాలో తమ్ముడి ఇంటికి పోయింది. బతుకమ్మకు వస్తుందనుకున్నాను, రాలేదు. మాకు పిల్లలు నిలవలేదు. అలా వెంచర్ ఆఫీసే నాకు ఇల్లయింది. రేకుల కప్పు కింద రెండు గదులు. ముందు గదిలో బల్ల, ఫోను, కుర్చీలు, గోడకు ప్లాట్ల మ్యాపు. వెనక గదిలో సున్నం బస్తాలు, కొయ్య మేకులు, రంగు జెండాలు, కొలతల టేపు, నా చాప. గిరాకీ వచ్చినప్పుడు “ఏయ్ వాచ్‌మన్, నీళ్ళు తే” అనే మాటొకటి వినబడేది. వాళ్ళు పోయాక హద్దురాళ్ళూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం.

రెండు వేల నాలుగు ఎండాకాలంలో ఫోను ఎత్తడానికి రోజారాణి అనే అమ్మాయిని పెట్టారు. మచ్చ బొల్లారంలో ఉంటుంది. పెనిమిటి మహేష్ తుర్కపల్లి కంపెనీల వాళ్ళకు క్యాబు నడుపుతాడు, కోడి కూయకముందే పోతాడు. పనిలో పెట్టుకున్న రోజే రాఘవేందర్ ఆమెకు చెప్పేశాడు: “పిల్లలు, సెలవులు, కడుపునొప్పులు, గివన్ని నా దగ్గర నడువయ్. ప్లాటు సూడనొచ్చినోనికి పిల్ల ఏడ్పు వినవడితే లేచి పోతడు.” ఇంట్లో అత్త బుచ్చమ్మ బిడ్డను చూసుకుంటుందనే ధైర్యంతో రోజారాణి సరేనంది.

నెల గడవకముందే బుచ్చమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మర్నాడు పొద్దున రోజారాణి చంకలో పిల్లతో బస్సు దిగింది.

“కాకా, మా అత్త మంచంల వడ్డది. రెండు దినాలు ఓర్సుకో. సార్‌కు తెల్వొద్దు.”

“నీకేమన్న పిచ్చా? బయట పాములు, లోపల సున్నం. గిది పిల్లలాడే జాగనా?”

“నువ్వున్నవ్ గద కాకా.”

పిల్లను అందుకున్నాను. పేరు ఇషిత. రెండేళ్ళు ఇంకా నిండలేదు. నా మీసాలు పట్టుకుని “తాత” అంది. నాకప్పటికి నలభై ఎనిమిది.

“తాత గాదే, కాక.”

“తాత.”

“కాక అను.”

“తాత!”

రోజారాణి నవ్వు ఆపుకోలేక ఫోను మోగకుండానే ఎత్తి చెవిన పెట్టుకుంది. పిల్లతో వాదన పెట్టుకుని గెలిచినవాడు ఎవడు. తాతనే అయ్యాను.

సున్నం బస్తాలు వెనక వసారాలోకి మోశాను. గది కడిగాను, మళ్ళీ కడిగాను, తడి బట్టతో మూలమూలా తుడిచాను. నేల మీద గోనె సంచులు పరిచి, వాటి మీద నా చాప వేశాను. రెండు రోజులన్న మాట రెండు వారాలైంది, ఆ తర్వాత ఎవరం లెక్కపెట్టలేదు.

పిల్లను ఆడించడం నాకేం తెలుసు? మొదటిరోజు చింతగింజలు ఇచ్చాను. మేం చిన్నప్పుడు వాటితోనే ఆడాం. అది రెండు గింజలు తీసుకుని ఒకటి నాకిచ్చి, ఒకటి నోట్లో వేసుకుంది. వేలు పెట్టి బయటకు తీసేలోగా నా ప్రాణం పోయి వచ్చింది. అప్పట్నుంచి దాని పిడికిలి కంటే పెద్దదైతేనే లోపలికి రానిచ్చాను. మక్క గింజలకు బదులు ఒలిచేసిన మక్క బెండ్లు, సీసా మూతలకు బదులు సీసాలే.

అన్నిటికంటే చిక్కు చప్పుడు. ముందు గదికీ వెనక గదికీ మధ్య ఉన్నది ఒక పరదా మాత్రమే. గిన్నెలు మోగించే ఆట వద్దు, బంతి వద్దు, గిలక్కాయ అసలే వద్దు. ప్రపంచంలో పిల్లల బొమ్మలన్నీ మోగడానికే పుట్టాయని నాకు అప్పుడే తెలిసింది. అందుకని మోగనివి నేనే తయారు చేసుకున్నాను.

టైల్స్ వచ్చిన అట్టపెట్టెకు పైన చిల్లులు కోసి అడుగున గోనె గుడ్డ పరిచాను. కొయ్య మేకుల మొనలు చెక్కేసి, గరుకు పోయేదాకా రాయికి రుద్ది ఇచ్చాను. చిల్లులో వేస్తే మేకు మాయమవుతుంది, గోనె మీద పడుతుంది, చప్పుడు రాదు. ఇషిత పెట్టెలోకి తొంగి చూసి “పోయె” అనేది. మూత తీస్తే “వచ్చె” అనేది. పోవడమూ రావడమూ ఇంత తేలికైన పనా అని నేను దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి.

తోలు డబ్బాలో చుట్టిన కొలతల టేపు ఉండేది. నా భూమిని కొలిచింది దానితోనే. దాని కొస పిల్ల చేతికిచ్చి నేను డబ్బా పట్టుకునేవాణ్ణి. అది గది ఈ గోడ నుంచి ఆ గోడకు లాక్కుపోయేది. నేను పిడి తిప్పుతుంటే టేపు పాములాగ పాక్కుంటూ వెనక్కి వచ్చేది, ఇషిత దాని వెంట పాక్కుంటూ వచ్చేది. ఆ విధంగా రోజుకు ఎన్నిసార్లు కొలిచామో, ఆ గది కొలత నాకు నిద్రలో అడిగినా చెప్పగలను.

రెండు కుర్చీల మీద దుప్పటి కప్పితే గుడారం. అందులో టార్చిలైటు వేసి దుప్పటి మీద వేళ్ళ నీడలు పడేస్తే కుక్క, కోడి, గొర్రె. మొరగడం, కూయడం నోరు తెరిచి చేసేవాళ్ళం, గొంతు లేకుండా.

దానికి ఎక్కువ ఇష్టమైంది సున్నం కొట్టే బ్రష్. దాన్ని కడిగి, బొక్కెనలో బెత్తెడు నీళ్ళు పోసి పక్కనే కూర్చునేవాణ్ణి. ఇషిత నీళ్ళతో గోడకు రంగు వేసేది. సిమెంటు గోడ నల్లబడేది. రేకుల వేడికి చూస్తుండగానే ఆరిపోయేది. ఆరిందే మళ్ళీ వేసేది. అలుపు లేదు, విసుగు లేదు. సాయంత్రానికి ఆ గోడ మీద మేము ఆడినట్టు జాడే ఉండేది కాదు.

కారు చప్పుడైతే నేను నోటి మీద వేలు పెట్టేవాణ్ణి. తను కూడా పెట్టుకునేది. అదొక ఆట అనుకుంది. నేనూ అదొక ఆటే అన్నట్టు కళ్ళు పెద్దవి చేసేవాణ్ణి. నవ్వు వస్తే నోరంతా తెరిచి, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వేది. ఇంతైనా శబ్దం వచ్చేది కాదు. ఎంత తెలివైన పిల్ల అని మురిసిపోయాను.

ఒకనాడు సద్ది తింటూ రోజారాణి అంది, “కాకా, ఇంట్ల గూడ గట్లనే నవ్వుతాంది. నోరు తెరుస్తది, సప్పుడు రాదు. మా ఆయన పరేషాన్ అయిండు. దవఖానకు తీస్కపోదాం అంటుండు.”

తినేది పక్కన పెట్టాను. అప్పట్నుంచి గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కొత్త ఆట పెట్టాను. ఖాళీ రంగు డబ్బాలో మూతి పెట్టి “హో!” అని అరవడం. నేను అరిచాను. ఇషిత నన్ను చూసి భయంగా నోటి మీద వేలు పెట్టుకుంది. “ఏం గాదు బిడ్డా, ఎవ్వల్లేరు. ఒర్రు” అన్నాను. చాలాసేపటికి “హో” అంది, పిల్లిపిల్ల అరిచినట్టు. డబ్బా తిరిగి “హో” అంది. మర్నాటికి కాస్త పెరిగింది. రోజూ కొంచెం పెరుగుతూ వచ్చింది. అట్లా ఇంకొన్నాళ్ళు సాగితే సరిపోయేది. నాకు కావలసింది అంతే. భూమి అడగలేదు, పైసలు అడగలేదు. ఆ పిల్ల రోజూ పొద్దున్నే ఆ బస్సు దిగితే చాలనుకున్నాను.

ఇక ఎర్ర చుక్కల సంగతి. మ్యాపులో అమ్ముడుపోయిన ప్లాటు మీద రోజారాణి గుండ్రటి ఎర్ర స్టిక్కరు అంటించేది. ఎర్ర చుక్క కనబడితే ఆ ప్లాటు మాట ఎవరూ ఎత్తరు. వెంచర్లన్నిట్లో అదే రివాజు. కాయితం, రసీదు, అడ్వాన్సు అన్నీ రాఘవేందర్ ఇంట్లో ఉంటాయి, ఆఫీసుకు మాత్రం చుక్కే సాక్ష్యం. చివర మిగిలిన స్టిక్కర్ల ముక్కలు రోజారాణి పిల్లకు ఇచ్చేది. పట్టీ మీది చుక్కను అంచు దగ్గర గోరుతో లేపాలి. ఇషిత నాలుక బయటపెట్టి గంటసేపు ఒక్క చుక్క లేపేది. నా ముక్కుకు, బోడి మోకాలికి, బొట్టులాగ నుదుటికి అంటించేది. మొదట్లో ఎక్కడ పడితే అక్కడ. నేనే చాక్‌పీసుతో నేల మీద గళ్ళు గీసి, “నడిమిట్ల పెట్టాలె, గీ గడి నడిమిట్ల” అని చెయ్యి పట్టి నేర్పాను. గడి మధ్యన పడితే ఎత్తి గాలిలోకి ఎగరేసేవాణ్ణి. అందుకోసమే మధ్యన పెట్టడం నేర్చుకుంది.

ఆషాఢం పోయాక గిరాకీ పెరుగుతుందని ముందు గదికి రంగులు వేయించారు. రంగు పడకుండా మ్యాపును తీసి వెనక గదిలో గోడకు తలకిందులుగా ఆనించారు. నీళ్ళ ట్యాంకరు వచ్చింది, గేటు తీయడానికి పోయాను. రోజారాణి ఫోనులో ఉంది. తిరిగొచ్చేసరికి ఇషిత మ్యాపు ముందు చతికిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తింది, ఎగరెయ్యమని.

మ్యాపు కింది వరసలన్నీ ఎర్రగా ఉన్నాయి.

“అయ్యో, నా నోట్ల మన్నువడ!” అని రోజారాణి తల పట్టుకుంది. “కాకా, ఏది నేను పెట్టింది, ఏది ఇది పెట్టింది?”

“నీకు యాది లేదా?”

“నిన్న మొన్నటియి యాదున్నయ్. నేను రాకముందటియి నాకేం ఎరుక? సార్‌ను అడుగుదామా?”

“అడుగు. ఎందుకని అడిగితే ఏం జెప్తవ్?”

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. గడి దాటి పడ్డవి, వంకరగా ఉన్నవి, ఒకదాని మీద ఒకటి ఎక్కినవి పిల్లవని తీసేశాం. గడి మధ్యన సరిగ్గా ఉన్నవి పెద్దవాళ్ళవని వదిలేశాం. ఇంకెట్లా గుర్తుపట్టాలి? పని అయ్యాక ఇషితను ఎగరేశాను కూడా. అది తన పని తాను చేసింది గదా.

మ్యాపు మళ్ళీ ముందు గది గోడ మీదికి ఎక్కింది. శ్రావణ శుక్రవారం నాడు రాఘవేందర్ చెప్పకుండా వచ్చాడు. వెంట మిలిటరీలో రిటైరైన ఒకాయన, ఆయన భార్య. నేను పరదా పక్కన నిలబడ్డాను. వెనక ఇషిత నోటి మీద వేలు పెట్టుకుని గుడారంలో దూరింది.

“మాకు ఈశాన్యం మూల ప్లాటే కావాలండీ” అందావిడ. “ఇంకోటి ఎంత తక్కువకిచ్చినా వద్దు.”

“గదే ఉన్నదమ్మా, మీ కోసమే ఆపిన...” అంటూ రాఘవేందర్ మ్యాపు మీద వేలు పెట్టబోయి ఆగిపోయాడు. ఈశాన్యం మూల గడి నట్టనడుమ ఎర్ర చుక్క. కొలిచి పెట్టినట్టుంది.

నా చెయ్యి పరదాను పట్టుకుంది. అది నేను నేర్పిన చుక్క.

“అమ్మేశారా? అయితే ఫోనులో ఉందని ఎందుకన్నారు?” అన్నాడు ఆయన. రాఘవేందర్ ఏవేవో చెప్పాడు, చాయ్ తెప్పిస్తానన్నాడు. వాళ్ళు కూర్చోలేదు. మేడ్చల్‌లో ఇంకో వెంచర్ చూడాలని కారెక్కారు.

కారు కమాను దాటేదాకా రాఘవేందర్ నవ్వు మొహంతో నిలబడి, అప్పుడు లోపలికొచ్చాడు.

“రోజారాణీ, మూల ప్లాటు ఎవలికి అమ్మినవ్?”

“నేను అమ్మలే సార్.”

“మరి సుక్క ఎవలు వెట్టిర్రు? నీ మొగడు క్యాబుల రోజు సార్లను తిప్పుతడు. ఎవన్ని పట్టిండు? టోకెన్ ఎంత తీసుకున్నరు? మర్యాదగ చెప్తే మర్యాదగ పోతవ్. లేకుంటే ఠాణాకు పోదాం.”

“సార్, మా పిల్ల మీద ఒట్టు...” అని, పిల్ల మాట నోటికొచ్చినందుకే ఆమె నోరు మూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను ముందుకొచ్చాను. “నేను వెట్టిన.”

“నువ్వా?”

“నేనే. గా మూల నా బాయి ఉన్న జాగ. బాయి పూడిపించి మూడేండ్లు గాలే. ఇల్లు గడితే కుంగుతది. ఎవడో ముసలోడు పింఛన్ పైసలు దెచ్చి పోస్తుంటే సూసుకుంట ఊకోవాల్నా? అందుకే సుక్క వెట్టిన. నీ ఇష్టమున్నది జేస్కో.”

అబద్ధమే. కానీ చెబుతుంటే నిజం చెబుతున్నంత బలం వచ్చింది. రాఘవేందర్ నమ్మాడు. వాడి మొహం ఎర్రబడి తెల్లబడింది. రోజారాణి నా వైపు చూసింది. గండం గడిచిందనే అనుకున్నాను.

“భూమి పోయినా కొవ్వు పోలేదు సిన్నాయినా నీకు!” అని వాడు గొంతెత్తి అరిచాడు. బల్ల మీద గుద్దాడు.

ఆ అరుపుకు పరదా కదిలింది. ఇషిత బయటకు వచ్చింది. పెద్దగా అరిచే ఆట మొదలైందనుకుందో, తాతను తిడుతున్నారని అర్థమైందో, నాకు ఇప్పటికీ తెలియదు. తిన్నగా రాఘవేందర్ దగ్గరికి నడిచింది. దాని వేలి కొసన ఒక ఎర్ర చుక్క ఉంది. వాడి తెల్ల ప్యాంటు మోకాలి మీద, మధ్యన చూసి, జాగ్రత్తగా అంటించి నొక్కింది. తర్వాత నా వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తింది.

రాఘవేందర్ మోకాలు చూసుకున్నాడు, మ్యాపు చూశాడు, పిల్లను చూశాడు. వాడు ఇంటర్ చదివాడు గదా, లెక్క తొందరగా కుదిరింది. కిందికి వంగి మెత్తగా అడిగాడు:

“నీ పేరేంది బిడ్డా?”

ఇషిత నోటి మీద వేలు పెట్టుకుంది.

వాడు నవ్వాడు. అరిచినా బాగుండేది. పరదా తీసి వెనక గదిలోకి చూశాడు. చిల్లుల పెట్టె, దుప్పటి గుడారం, ఇంకా తడి ఆరని గోడ. “వారెవ్వా! గీడ బాలవాడి నడుస్తున్నట్టు నాకు ఎవలు చెప్పలేదే. రోజారాణీ, రేపటి సంది రాకు. ఠాణా లేదు, ఏం లేదు, చిన్న పిల్ల తల్లివి. పో.” తర్వాత నా భుజం తట్టాడు. “నువ్వుండు సిన్నాయినా. నువ్వెక్కడ పోతవ్?”

ఊళ్ళో ఇది కూడా వాడి మంచితనంగానే చెప్పుకున్నారు.

రోజారాణి సంచి సర్దుకుంది. బస్సు దగ్గర “కాకా, మా కోసం మాటపడ్డవ్” అంది. నేను రంగు డబ్బా పిల్ల చేతికిచ్చాను. బస్సులో అంత డబ్బా ఎందుకని రోజారాణి తిరిగి నాకే ఇచ్చేసింది. ఇషిత తల్లి భుజం మీద నుంచి నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వింది. బస్సు చప్పుడులో, ఆ నవ్వుకు చప్పుడుందో లేదో నాకు వినబడలేదు.

దసరా ముందు మహేష్ క్యాబు ఒకసారి గేటు దగ్గర ఆగింది. దిగలేదు, అద్దం దించాడు.

“బాగున్నవా కాకా? పిల్లను అల్వాల్‌ల ప్లేస్కూల్ల ఏసినం. గిన్ని బొమ్మలున్నయ్ ఆడ. పిల్లలందరు ఒకటే లొల్లి. మాది ఒక్కతే సప్పుడు చెయ్యకుంట మూలకు కూసుంటదట. టీచర్ మస్తు ఖుష్, గింత మంచి పిల్లను సూడలే అంటాంది.”

మంచిదే అన్నాను. తొందరలో ఉన్నాడు, పోయాడు.

వెనక గదిని రాఘవేందర్ ఏసీ పెట్టి కస్టమర్ల క్యాబిన్ చేశాడు. పరదా తీసేసి అద్దాల తలుపు పెట్టించాడు, గోడలకు మెరిసే రంగు వేయించాడు. ఆ రంగు మీద నీళ్ళు నిలవవు, జారిపోతాయి. నేను చూశాను. నా చాప వసారాలోకి, సున్నం బస్తాల పక్కకు వచ్చింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు డబ్బాలో మూతి పెట్టి “హో” అంటాను. అది కూడా “హో” అంటుంది. అంతకుమించి అక్కడ మాట్లాడేవాళ్ళు లేరు.

రాఘవేందర్ వల్ల నీకు పోయిందెంత అని ఊళ్ళో ఎవరైనా అడిగితే రెండెకరాల పద్నాలుగు గుంటలు అని చెబుతాను. పాసుబుక్కులో ఉన్నది అదే, వాళ్ళకు అర్థమయ్యేదీ అదే. ఆ లెక్కలోకి రానిది ఇంకొకటుంది. తోలు డబ్బా టేపు ఒక కొస ఇషిత పట్టుకుని, ఒక కొస నేను పట్టుకుని కొలిచిన వెనక గది. అటు తొమ్మిది అడుగులు, ఇటు పదకొండు. ప్లాట్ల లెక్కన పదకొండు గజాలు.